నావికుల నిద్ర

పోలవరమునకు కొంత దిగువన గోదావరి నడుమ ఒక చిన్న కొండ కలదు. దానిపై వీరేశ్వరస్వామియు, భావనారాయణస్వామియు వెలసియున్నారు. ఆ కొండయే పట్టిసీమ. మహాశివరాత్రినాడు ఇరుదరుల జనమును అచ్చటికి చేరుదురు. భక్తుడు ఆ ఒక్క రాత్రి కన్నుమూయక గడపి, మరునాడు పారణ చేసి, ఇంటికి పోయి చాప వేసికొని నిద్రించును. ఆ నిద్రకు ఎవరును అడ్డు చెప్పరు. ఇంటివారు పిల్లలను కూడ అల్లరి చేయవలదని మందలింతురు. మరి ఆ భక్తుని ఏరు దాటించిన పడవవాని మాట ఏమి? జనము తరలిపోవు వరకు అతడును మేలుకొనవలసినదే. అతని జాగరమునకు పంచాంగములో తిథి లేదు, ఫలశ్రుతియు లేదు.

గోదావరి గట్టున పుట్టి పెరిగిన మేము పడవలను ఎరుగుదుము, పడవవారిని ఎరుగుదుము. అయినను పడవవాడు ఎప్పుడు నిద్రించునని ఆలోచించినవారము కాము. ఓడల చరిత్ర వ్రాసినవారు సయితము తెరచాపలను గూర్చి, సరకులను గూర్చి, యుద్ధములను గూర్చి విస్తరించి చెప్పిరి గాని నావికుని నిద్రను గూర్చి చెప్పినది స్వల్పము. ఓడ రేయింబవళ్లు నడచునట్టిది. దానిని నడుపు మనుష్యుడు మాత్రము దినమునకు ఏడెనిమిది గంటలు నిద్రింపవలసినవాడు. ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటకు మానవుడు చేసిన ప్రయత్నమే ఈ ప్రసంగమునకు విషయము.

ముందుగా మన యేటి సంగతి చూతము. పోలవరమునకు ఎగువన పాపికొండల నడుమ గోదావరి ఇరుకై, లోతై, సుడులు తిరుగుచు ప్రవహించును. అక్కడి కొండరాళ్లను, నీటి పోకడను కంటితో చూచుచు చుక్కాని పట్టవలెను. చీకటిలో అది ప్రాణములతో చెలగాటము. ప్రొద్దు గ్రుంకువేళకు అనువైన ఇసుకతిన్నె చూచి పడవను కట్టివేయుట, పొయ్యి రాజేసి అన్నము వండుకొనుట, పడవలోనో ఇసుకమీదనో మేను వాల్చుట ఏటి ప్రయాణమునకు తగిన పద్ధతి. భద్రాచలము అడవులనుండి కలపను తెప్పలుగా కట్టి రాజమహేంద్రవరమునకు దింపిన కాలములో తెప్పలవారికిని ఒడ్డే శరణ్యము. చీకటి వారిని ఆపెడిది. ఆగినందున నిద్ర దొరకెడిది. ఇప్పుడు పోలవరమువద్ద ప్రాజెక్టు కట్టడము నదికి అడ్డముగా లేచియున్నది. పాత పడవదారి తెగిపోయినది. కాని ఏటివారి ఆ నేర్పు మరచిపోదగినది కాదు.

కాలువలు వచ్చిన తరువాత ఈ పద్ధతి మారినది. 1847వ సంవత్సరమున ఆర్థర్ కాటన్ ఆరంభించిన ధవళేశ్వరము ఆనకట్ట 1852నాటికి పూర్తియైనది. దానినుండి సాగిన కాలువలు పొలములకు నీరిచ్చుటయే గాక పడవలకు బాటలైనవి. కాకినాడనుండి ఏలూరు మీదుగా, కొమ్మమూరు కాలువ, బకింగుహాము కాలువల ద్వారమున చెన్నపట్టణము వరకు జలమార్గ మేర్పడినది. కాలువలో సుడి లేదు; కొండరాయి లేదు. గట్టుమీద త్రాడు పట్టి లాగుచు నడచినచో పడవ రాత్రియు సాగిపోవును. పడవలోని ప్రయాణికుడు నిండుగా దుప్పటి కప్పుకొని రాజమహేంద్రవరమున కన్నుమూసి మరియొక ఊరి లాకులవద్ద కన్ను తెరచెడివాడు. ఆ సుఖప్రయాణమును ముచ్చటగా తలచుకొను పెద్దలు మన యిండ్లలో అనేకులుండిరి. అదే రాత్రి గట్టుమీద బురదలో త్రాడు లాగుచు నడచినవారు ఎప్పుడు పరుండిరో తలచుకొన్నవారు తక్కువ. దారి సుగమమైన కొలదియు ప్రయాణికుని నిద్ర పెరిగినది. పడవవాని నిద్ర తరిగినది.

ఇక సముద్రమునకు పోదము. గోదావరి శాఖ కడలి కలియుచోట కోరంగి యను రేవు ఒకప్పుడు పేరెన్నిక గన్నది. అచ్చట ఓడలు కట్టెడివారు, మరమ్మతు చేసెడివారు. అక్కడనుండి తెలుగువారు బర్మాకు పోయి రాగా, ఆ దేశమున తెలుగువారందరికిని కోరంగీలనియే పేరు పడినది. 1789లోను, 1839లోను వచ్చిన తుపానులు ఆ రేవును ధ్వంసము చేసినవి. కోరంగి ఓడ రేవు దాటిన పిమ్మట దానిని కట్టివేయుటకు ఒడ్డు లేదు. నడిసముద్రమున లంగరు అందదు. గాలి రాత్రి అని ఆగదు. చుక్కాని పట్టువాడొకడు, తెరచాప త్రాళ్లు చూచువారు కొందరు, ముందు దిక్కు పారజూచువాడొకడు అహోరాత్రములు మేలుకొనియుండి తీరవలెను. ఏటి పడవవానికి చీకటి ఇచ్చిన సెలవు కడలి నావికునకు లేకపోయినది.

అందుచే ఓడలపై కాలమును వంతులుగా పంచుకొనిరి. మన పెద్దలు దినమును ఎనిమిది జాములుగా విభజించిరి. జాము మూడు గంటలు. ఐరోపా ఓడలలో వంతు నాలుగు గంటలు. అరగంటకొకసారి ఇసుక గడియారమును త్రిప్పి గంట కొట్టెడివారు. మొదటి అరగంటకు ఒక దెబ్బ, రెండవదానికి రెండు, ఇట్లు ఎనిమిది దెబ్బలైనచో వంతు ముగిసినట్లు. ఓడలోని జనమును రెండు జట్లుగా చేసి, ఒక జట్టు పనిలోనుండగా రెండవ జట్టు పరుండునట్లు ఏర్పాటు చేసిరి. ఇట్లైన ఒక జట్టునకు నిత్యము నడిరేయి వంతే పడును. ఆ కష్టము మార్చుటకై సాయంకాలము నాలుగు మొదలు ఎనిమిది వరకు గల వంతును రెండేసి గంటల రెండు చిన్న వంతులుగా చీల్చిరి. దానితో దినమునకు ఏడు వంతులైనవి. ఏడు బేసి సంఖ్య గనుక నేడు నడిరేయి మేలుకొన్నవారికి రేపు ఆ వంతు తప్పును.

ఈ పంపకము న్యాయమైనదే. కాని ఇందులో నిద్ర యెంత? ఒక రాత్రి ఎనిమిదినుండి పండ్రెండు వరకు పని, పండ్రెండునుండి నాలుగు వరకు విశ్రాంతి, నాలుగునుండి మరల పని. మరునాటి రాత్రి దీనికి తారుమారు. ఏ రాత్రియందును వరుసగా నాలుగు గంటల నిద్ర లేదు. తడిసిన బట్టలు విడుచుటకు, పడక విప్పుటకు, మరల చుట్టుటకు పట్టు కాలము ఆ నాలుగు గంటలలోనిదే. గాలి తిరిగినచో విశ్రాంతి జట్టును సయితము పైకి పిలిచెదరు. పంపకమున సమత్వమున్నది, పంచుకొనుటకు చాలినంత నిద్ర లేదు. పని వేళ నేడొక రీతి రేపొక రీతి మారుచుండుటచే శరీరమునకు ఒక అలవాటు కుదురుటకును వీలులేకపోయినది.

పరుండు చోటు మరియొక బాధ. కొలంబసు 1492లో పడమటి దీవులకు పోయినప్పుడు అచ్చటి జనులు చెట్లకు కట్టిన ఊయల పడకలలో నిద్రించుట ఐరోపావారు చూచిరి. తరువాత ఆ పడకలు ఓడలలోనికి వచ్చినవి. ఓడ ఒరిగినను ఊయల సమముగా వ్రేలాడును గనుక నావికునకు మేలే జరిగినది. కాని బ్రిటిషు యుద్ధనౌకలలో మనిషికి ఇచ్చిన వెడల్పు 14 అంగుళములు. మన పసిపాప ఉయ్యాలకు ఇంతకంటె ఎక్కువ చోటిత్తుము! ఒక జట్టు పనిమీదనున్నప్పుడు ప్రక్క ఊయల ఖాళీ యగును గనుక 28 అంగుళములు దొరకునని ఏలినవారి లెక్క.

ఆవిరి ఓడల కాలమునకు మన దేశీయులు వేలకొలది బ్రిటిషు ఓడలలో చేరిరి. వారిని లాస్కర్లనిరి. వంగ, కొంకణ, పంజాబు సీమలవారు వారిలో అధికులు. వారి నాయకునకు సరంగు అని పేరు. ఆ మాటయే తరువాత మన గోదావరి లాంచీలకు ఎక్కినది. 19వ శతాబ్దము చివర చట్టము తెల్ల నావికునకు ఓడలో 72 ఘనపుటడుగుల చోటు నిర్ణయించగా, లాస్కరునకు 36 ఘనపుటడుగులు చాలుననిరి. 1906లో తెల్లవారి చోటు 120 ఘనపుటడుగులకు పెరిగినది. లాస్కర్ల ఒప్పందములలో పని గంటలకు మేర యన్నది లేకుండెను. కొలిమివలె మండు బాయిలరు గదులలో బొగ్గు త్రోసి వచ్చినవాడు ఆ ముప్పదియారు ఘనపుటడుగులలో ముడుచుకొని పరుండవలెను. మనిషి రంగును బట్టి నిద్ర అవసరము మారదని ఆ చట్టము వ్రాసినవారికి తోచలేదు.

రేడియో వినువారికి తెలియదగిన కథ ఒకటి ఇచ్చట చెప్పవలసియున్నది. 1912వ సంవత్సరము ఏప్రిలు 14వ తేది రాత్రి టైటానికు ఓడ మంచుకొండను ఢీకొన్నది. ఆ సమీపముననే కాలిఫోర్నియను అను మరియొక ఓడ మంచుగడ్డల నడుమ ఆగియున్నది. దానిలో నిస్తంతి పనివాడు ఒక్కడే. ఉదయమునుండి యంత్రమువద్ద కూర్చుండిన ఆ యువకుడు రాత్రి పదునొకండున్నర దాటగానే యంత్రము కట్టివేసి పరుండెను. టైటానికు మంచుకొండను తాకినది పదునొకండు గంటల నలువది నిమిషములకు. ఆపద సందేశములు ఆకాశమున అర్ధరాత్రి దాటిన తరువాత వెలువడినవి. చెంతనున్న ఓడలో వినువాడు లేడు. సుమారు 1500 మంది చనిపోయిరి.

ఆ యువకుని నిందింతుమా? ఒక్కడు ఇరువదినాలుగు గంటలు వినజాలడు. అతడు నిద్రించుట తప్పు కాదు. అతడు నిద్రించునప్పుడు వినుటకు రెండవవానిని నియమింపకపోవుట తప్పు. ప్రపంచము ఆ సంగతిని గ్రహించినది. పెద్ద ఓడలలో రేయింబవళ్లు రేడియో కావలి యుండవలెనని అటుతరువాత చట్టములు వచ్చినవి. రెండవ జీతము మిగుల్చుకొనుటకై చేసిన పొదుపు ఎంత ఖరీదైనదో ఆ ఒక్క రాత్రి తేల్చినది.

అయినను ఈ గుణపాఠము మిగిలిన నావికులకు వర్తించుటకు చాలకాలము పట్టినది. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కర్మాగారములకు దినమునకు ఎనిమిది గంటల పనిని నిర్ణయించెను. మరుసటి ఏడు జెనోవా నగరమున ఓడలవారికిని అట్టి ఒడంబడిక కావలెనని ప్రయత్నించగా అది అత్యల్పమైన ఓట్ల కొరతచే వీగిపోయెను. 1936లో ఒకటి, 1946లో ఒకటి, 1949లో ఒకటి, 1958లో ఒకటి ఒడంబడికలు వ్రాసికొనిరి. చాలినన్ని దేశములు అంగీకరింపకపోవుటచే నాలుగింటిలో ఒక్కటియు అమలునకు రాలేదు. తుదకు 1996నాటి ఒడంబడిక 2002లో అమలైనది. గట్టుమీది కార్మికునకు 1919లో కలిగిన హక్కు నీటిమీది కార్మికునకు చేరుటకు ఎనుబది యేండ్లు పైబడినది.

ఇక మన తీరపు నౌకాదళమును చూతము. 1933లో తెరచిన విశాఖపట్టణపు రేవు రెండవ ప్రపంచయుద్ధకాలమున నౌకాదళ స్థావరమైనది. 1946 ఫిబ్రవరి 18వ తేదిన బొంబాయిలో తల్వారు స్థావరమున మొదలైన నావికుల తిరుగుబాటు తూర్పు తీరమునకును ప్రాకినది. చెడు తిండి, తక్కువ జీతము, అధికారుల తూలనాటలు దానికి తక్షణ కారణములు. ఓడలో నివసించువాడు సాయంకాలమున ఇంటికి పోవువాడు కాడు. అతనికి పని చేయుచోటే ఇల్లు, పెట్టినదే భోజనము, చూపిన చోటే పడక. ఆ మూడింటిలో ఏది చెడినను అతనికి పారిపోవు దారి లేదు. నావికుని అలసట ఇందుచేతనే గట్టుమీదివారి అలసటకంటె భిన్నమైనది.

ఈ జీవనమును కంటితో చూడగోరువారు విశాఖ సముద్రతీరమునకు పోవచ్చును. 1969లో నౌకాదళమున చేరి 2001లో విరమించిన కుర్సురా జలాంతర్గామి 2002నుండి అచ్చట ప్రదర్శనశాలగా నున్నది. దాని పొడవు సుమారు 91 మీటర్లు. అందులో 75 మంది వరకు నివసించిరి. వంగి దూరవలసిన గుండ్రని ద్వారములు, ఇరుప్రక్కల గొట్టములు, మీటలు, టార్పెడోల చెంతనే అరలవలె అమర్చిన ఇరుకు పడకలు. చూడవచ్చిన పిల్లలకు అది వినోదము. కాని లోపల కొన్ని నిమిషములు నిలిచిన పెద్దలకు ఊపిరి సలుపనట్లుండును. నీటిలో మునిగిన ఓడకు కిటికీ లేదు. సూర్యోదయము లేదు. డీజిలు వాసన, యంత్రముల వేడి, స్నానమునకు నీటి కరవు. ఇట్టి ఓడలలో పెక్కింట ఒకడు లేచిన పడకమీద దాని వెచ్చదనము ఆరకమున్నే మరియొకడు పరుండుట ఆచారము.

శాస్త్రజ్ఞులు ఈ విషయమును ఎట్లు గ్రహించిరో కొంత చెప్పుదుము. నిద్రాశాస్త్రమునకు పునాది వేసినవారిలో ఒకడైన నథానియేలు క్లైట్మను 1938లో ఒక శిష్యునితో కూడ అమెరికాలోని మామత్ గుహలో నెలదినములు నివసించి, దినమును ఇరువదియెనిమిది గంటలుగా మార్చి జీవించుటకు ప్రయత్నించెను. 1940ల చివర అతడే జలాంతర్గామి నావికుల నిద్రను పరిశీలించెను. తరువాతి పరిశోధనల వలన తేలినదేమన, మన దేహములో ఇంచుమించు ఇరువదినాలుగు గంటల గడియారమొకటి కలదు. వెలుతురే దానిని సరిదిద్దును. రాత్రి చీకటిలో మెలటోనిన్ అను ద్రవ్యము రక్తములో పెరుగును. తెల్లవారుజామున దేహపు వేడిమి మిక్కిలి తగ్గును. ఆ వేళ మనుష్యుని చూపు, నిర్ణయము, చేతి చురుకు అన్నియు మందగించును. పట్టుదల గలవాడైనను ఆ మందమును జయింపలేడు. పదునేడు గంటలు వరుసగా మేలుకొన్నవాని పనితనము కొంత మద్యము సేవించినవాని పనితనముతో సమానమని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రకటించిరి. త్రాగినవాడు చుక్కాని పట్టరాదని అందరును ఒప్పుకొందురు. నిద్రలేనివాడు పట్టినచో శూరుడందురు.

ఈ శౌర్యమునకు చెల్లించిన మూల్యము 2017లో వెల్లడియైనది. జూను 17వ తేది తెల్లవారకమున్నే జపాను తీరమున ఫిట్జ్‌జెరాల్డు అను అమెరికా యుద్ధనౌక ఒక సరకుల ఓడతో ఢీకొనగా ఏడుగురు నావికులు చనిపోయిరి. ఆగస్టు 21వ తేది తెల్లవారుజామున సింగపూరు చెంత జాన్ ఎస్. మెకెయిను అను యుద్ధనౌక ఒక చమురు ఓడతో ఢీకొనగా పదిమంది చనిపోయిరి. నీరు చొచ్చుకొనివచ్చినది పడకగదులలోనికే. తోడివారు మేలుకొని కాచుచున్నారను నమ్మకమున కన్నుమూసినవారే బలియైరి. శిక్షణలోపము, నాయకత్వలోపము మొదలగు వానితోపాటు అలసటయు ఈ విపత్తులకు కారణమని విచారణలలో తేలినది. పిమ్మట ఆ నౌకాదళము ప్రతి నావికునకు నిత్యము ఒకే వేళ పని, ఒకే వేళ నిద్ర యుండునట్లు వంతులను దేహపు గడియారమునకు అనుగుణముగా మార్చవలెనని ఆజ్ఞాపించెను. పదునెనిమిది గంటలనే దినముగా పాటించిన అమెరికా జలాంతర్గాములును అంతకు కొలది యేండ్ల ముందే ఇరువదినాలుగు గంటల దినమునకు మరలినవి.

వర్తకపు ఓడలలో నేడు అమలులోనున్న అంతర్జాతీయ నిబంధన ప్రకారము నావికునకు ఇరువదినాలుగు గంటలలో 10 గంటలు, ఏడు దినములలో 77 గంటలు విశ్రాంతి నీయవలెను. ఆ పది గంటలను రెండు భాగములకు మించి చీల్చరాదు. అందొకటి ఆరు గంటలకు తక్కువ కారాదు. 2006నాటి నావిక కార్మిక ఒడంబడికను భారతదేశము 2015లో ఆమోదించినది. యుద్ధనౌకలు ఈ నిబంధనల పరిధిలోనివి కావు. అచ్చటి నిద్ర అధిపతుల వివేకముపై ఆధారపడియున్నది. వర్తకపు ఓడలలోనైనను నిబంధన కాగితముమీద నున్నంత మాత్రమున నిద్ర వచ్చునా? రేవు చేరిన దినమున సరకు దింపుట, తనిఖీ, లెక్కలు అన్నియు ఒక్కమారే వచ్చి పడును. మనుష్యులు చాలనిచోట పట్టికలోని విశ్రాంతి పట్టికలోనే యుండును. 1912నాటి ప్రశ్నయే నేటి ప్రశ్న: రెండవవానిని నియమింతురా, ఒక్కనినే మేల్కొలిపియుంతురా?

ఈ చరిత్ర మన యిండ్లకు దూరమైనది కాదు. మన జిల్లాలనుండి నౌకాదళమునకు, వర్తకపు ఓడలకు, చేపల వేటకు పోవు బిడ్డలు కలరు. అట్టి బిడ్డ సెలవుమీద ఇంటికి వచ్చి మొదటి నాలుగు దినములు పగలెల్ల నిద్రించి, నడిరేయి లేచి వాకిట తిరుగాడుచున్నచో ఇరుగుపొరుగువారు సోమరి యందురు. పెద్దవారు ప్రొద్దెక్కినను లేవడేమని విసుగుకొందురు. అతని దేహము ఇంకను ఓడవంతులలోనే యున్నదని తెలిసికొనినచో ఆ మాట నోట రాదు. ఉదయపు టెండలో కొంత తిరుగనిచ్చి, రాత్రి త్వరగా దీపమార్పి, కొలదిదినములు ఓపిక పట్టినచో అతని గడియారము మన గడియారముతో కలియును. శివరాత్రి మరునాడు జాగరము చేసినవానికి మనమిచ్చు మర్యాదయే అతనికిని ఈయదగును.

మన పడవవారు పాపికొండల నీడలో ప్రొద్దు గ్రుంకినంతనే పడవ కట్టివేసిరి. అది ప్రమాదమెరిగినవారు చేసిన పని. సముద్రము మీది ఓడకు ఆ వీలు లేదు. అందుచే ఇసుకతిన్నె చేసిన మేలు అక్కడ మనుష్యులు చేయవలెను. పరుండినవానికి బదులుగా కూర్చుండుటకు మరియొక మనిషి, లేచినవాడు మరల రేపు అదే వేళకు పరుండునట్లు ఒక పద్ధతి—ఈ రెండును నావికునకు మనము బాకీపడియున్నవి.